తిరుగుతోందే కానీ

మొదట రేడియో గొంతు సన్నగిల్లింది.
తర్వాత హెడ్‌లైట్లు
నిద్ర చాలని కళ్ళలా పసుపెక్కాయి.
డాష్‌బోర్డు మీద గురివింద గింజంత
ఎర్రటి బ్యాటరీ బొమ్మ.
వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ దిగి వస్తున్నాను
వయల్లా వీధుల్లో,
ఉక్కు ఫ్యాక్టరీ దుమ్ముకి రంగు మారిన గోడల పక్కనుంచి,
వాన చినుకులకి వైపర్లు కూడా వేయకుండా,
కారు బదులు నేను ఊపిరి బిగబట్టి.

పోయిన వారమే కొత్త బ్యాటరీ.
రెండువందల నలభై డాలర్లు.
పుండొకచోట, మందొకచోట.

శనివారం బానెట్ ఎత్తాను.
ఎర్ర తీగ కూడికకి, నల్ల తీగ తీసివేతకి.
మల్టీమీటర్ ఖరీదు పదిహేను డాలర్లు,
మొహమాటం లేదు దానికి.
ఇంజన్ ఆపి ఉంటే పన్నెండు పాయింట్ నాలుగు.
నడుస్తుంటే పద్నాలుగు దాటాలి.
నడిపాను.
పదకొండు పాయింట్ తొమ్మిది.
ఎనిమిది.
లైట్లు వేస్తే ఆరు.
చెప్పులు చేత పట్టుకుని మెట్లు దిగేవాళ్ళలా
చప్పుడు లేకుండా దిగిపోతున్నాయి అంకెలు.
ఇన్నాళ్ళూ అప్పు చేసి పప్పుకూడు తిన్నదన్నమాట నా కారు.
నేనేమో అప్పిచ్చినదాన్ని తిట్టి
మార్చి పారేశాను.

"ఆల్టర్నేటర్," అన్నాను కంచె అవతలి స్టమాటియాతో.
"తిరుగుతోందే కానీ తేవడం లేదు."
ఆమె నవ్వలేదు.
"ఓడల యార్డు మూసేశాక మా ఎలియాసూ అంతే.
మూడు నెలలు టిఫిన్ డబ్బా పట్టుకుని
రోజూ ఏడింటికి వెళ్ళాడు, నాలుగింటికి వచ్చాడు.
ఇల్లు నడిచింది నా కుట్టుమిషన్ మీద.
నాకు తెలుసు. అడగలేదు."
లోపలికెళ్ళి
ఆయన పనిముట్ల పెట్టె ఈడ్చుకొచ్చింది.

అందులో పది నంబరు పానా లేదు.
"అది ఆయన బతికుండగానే పోయింది.
ముప్పై ఏళ్ళు వెతికాడు."
బ్యాటరీ మైనస్ తీగని పట్టుకారుతోనే విప్పాను.
బెల్టు ఎటునుంచి ఎటు చుట్టుకుందో
అట్టముక్క మీద గీసుకుంటే
చుక్కల చుట్టూ మెలికల ముగ్గు వచ్చింది.
పై బోల్టు మాట విన్నది.
కింది బోల్టు ఇరవయ్యేళ్ళు సముద్రపు ఉప్పు తిన్నది,
ఆ విశ్వాసం వదల్లేదు.
నూనె కొట్టి, కాఫీ తాగి, మళ్ళీ నూనె కొట్టి
ఒంటి బరువంతా వేస్తే
టప్‌మని విడిచి
నా వేలి కణుపు మీద తోలు పట్టుకుపోయింది.

కారు కిందనుంచి చెయ్యి చాపి "పద్నాలుగు" అంటే
చూడకుండానే అందించింది స్టమాటియా.
అంకె వింటే ఆ వేళ్ళకి బరువు తెలుసు.
నలభై ఏళ్ళు అందించిందట,
ఒక్క బోల్టూ తిప్పలేదట.

పాతదాన్ని ఒళ్ళో పెట్టుకుని చేత్తో తిప్పాను.
ఇసుక నమిలిన చప్పుడు.
లోపల బ్రష్‌లు అరిగి
బడి చివరిరోజు బలపం ముక్కంత.

స్క్రాప్ యార్డు నుంచి తెచ్చింది తొంభై డాలర్లు.
ముక్కు నుజ్జయిన తెల్లకారుది.
నడిపినవాళ్ళు ఏమయ్యారో అడగలేదు.
బెల్టు ఒక గాడి తప్పి ఎక్కించానేమో
తాళం తిప్పగానే వేసిన కేకకి
వీధిలో కుక్కలన్నీ బదులు పలికాయి.
ఆపి, విప్పి, మళ్ళీ మొదటినుంచి.
ఈసారి ఆఖరి బోల్టుకి
పానా ఆమె చేతికిచ్చాను.
ఎటువైపు బిగుస్తుందో
నన్ను అడగలేదు.

పద్నాలుగు పాయింట్ రెండు.
లైట్లు వేశాను. ఏసీ. రేడియో, గట్టిగా.
పద్నాలుగే.

స్టమాటియా మీటర్ వైపు చూడటం లేదు.
గ్రీజుతో నల్లబడ్డ తన అరచేతుల్ని
వెనకా ముందూ తిప్పి చూసుకుంటోంది.
సబ్బు తెస్తానంటే
"ఉండనీ కాసేపు" అంది.
పానాలన్నీ తుడిచి వరసగా సర్దింది,
తొమ్మిదికీ పదకొండుకీ మధ్య
ఒక చోటు అలాగే వదిలి.