ఆకు బరువు

కోసిన ఆకును తక్కెడ మీద పెట్టి
పది నిమిషాలకోసారి అంకె రాసుకోవడం.
నా పరిశోధన అంటే నిజానికి ఇంతే.
మిగతాదంతా గ్రాంటు కోసం రాసిన మాటలు.

మొక్క పేరు అరబిడాప్సిస్.
ఆవ కుటుంబంలోదే, కానీ దాని విత్తనం చూస్తే
ఆవగింజలో అరవయ్యో వంతన్నది
ఎవరో తూచి చెప్పిన మాటే అనిపిస్తుంది.
తడిపిన పళ్లపుల్ల మొనకి అంటుకుంటుంది,
తుమ్మితే పోతుంది.

ప్రతి ఆకు అడుగునా వేల నోళ్లు.
నీటికి కటకట మొదలవగానే మూసుకుంటాయి.
నా మ్యుటెంటు మూసుకోదు.
ఒక జన్యువులో ఒక్క అక్షరం తారుమారై
కడుపులో నీళ్లన్నీ గాలికి చెప్పేసుకుంటుంది,
గంటలో వడలిపోతుంది.
అలాగని పాత నోటుపుస్తకంలో ఉంది.

రెండేళ్లుగా అది వడలడం లేదు.
"గదిలో తేమ ఎక్కువేమో" అన్నాడు ప్రొఫెసర్ ఉర్మో.
"ఇంకో యాభై ఆకులు కోసి చూడు."
కోశాను.
కిటికీ అవతల ఎమయొగి నది
గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకట్టింది.
కోస్తూనే ఉన్నాను.

పక్క బల్ల లెహ్తెది.
ముప్పై ఒక్క ఏళ్లుగా ఇక్కడ టెక్నీషియను.
ఆ పేరులోనే మా భాషలో ఆకు ఉంది.
రై రొట్టె మీద ఉప్పుచేప పెట్టుకుని
సెంట్రిఫ్యూజ్ ఆగేలోపు
కారిడార్లో నిలబడే తినేస్తుంది.
ఆదివారాలు నా ట్రేలకి నీళ్లు పోసేది ఆమే.
మాట తక్కువ.

మార్చిలో ఎవరికీ చెప్పకుండా
మొక్కకింత ఆకు గిల్లి డీఎన్ఏ తీశాను.
చీకటి గదిలో, జెల్ మీద, ఇరవై నాలుగు వరసలు.
ఇరవై నాలుగింటిలోనూ ఒకే ఎత్తున ఒకే గీత,
ప్రార్థనకి నిలబెట్టిన బడిపిల్లల్లా.
అన్నీ మామూలు మొక్కలే.
నిక్షేపంగా, నోళ్లు మూసుకుని,
రెండేళ్లు నా చేత బరువు తూయించుకున్నవి.

ముందు నవ్వొచ్చింది.
తర్వాత లెక్కేశాను. పదకొండు వందల నలభై ఆకులు.

వెనక లెహ్తె.
"ట్యూబులు రెండూ కింద పడ్డాయి" అంది.
"ఏడేళ్లయింది. నువ్వింకా బడిలో ఉండుంటావు.
మూతలూడాయి. కాగితం మడిచి ఎత్తాను.
ఏది ఏ కుప్పో నాకు తెలుసనుకున్నాను."
కాసేపు ఫ్యాన్ ఒక్కటే మాట్లాడింది.
"ఆ రోజే చెప్పాల్సింది.
ఒక వారం ఊరుకుంటే
రెండో వారం ఊరుకోవడం తేలిక."

కోపం వచ్చింది, కాకపోతే ఆలస్యంగా,
వంతెన మీద సైకిలు తొక్కుతుంటే,
ఎదురుగాలిలో,
నాకు వచ్చిన బూతులన్నీ అయిపోయేదాకా.

మర్నాడు ఉర్మోకి చెప్పాను,
ఒకప్పుడు విత్తనాలు కలిసిపోయాయని.
కర్త లేని వాక్యాలకి మా భాషలో కొదవ లేదు.
థీసిస్‌లో పద్ధతుల అధ్యాయమంతా అలాంటిదే.
అక్కడ ఎవరూ ఏదీ జారవిడవరు,
ఆకులు తూచబడతాయి.

ట్యూబు అడుగున మిగిలినవన్నీ నాటాం.
నాలుగు వందల పన్నెండు.
ఆమె పుల్ల తడిపి ఇస్తుంటే
నేను ఒక్కొక్కటే మట్టి మీద దించాను.
ఆమె చెయ్యి వణుకుతోంది. వయసు అనుకున్నాను.
మూడు రోజులు చలిపెట్టెలో, మూడు వారాలు వెలుతురులో,
మళ్లీ గిల్లుడు, మళ్లీ జెల్లు.
మూడింటిలో గీత కిందికి దిగింది.
నాలుగు వందల పన్నెండింటిలో మూడు.

వాటిలో ఒకదాని ఆకు
ఇప్పుడు తక్కెడ మీద ఉంది.
జూన్‌లో రిటైరవుతుంది లెహ్తె, పెన్సిలు ఆమె దగ్గరే.
నలభై రెండు మిల్లీగ్రాములు.
ముప్పై ఏడు.
ముప్పై ఒకటి.
అంచులు లోపలికి తిరగడం
మేమిద్దరం ఒకేసారి చూశాం.

"ఊపిరి బిగపట్టకు,
ఇంకో పది నిమిషాలుంది" అంది.