తలుపు బొమ్మ

సాల్టో పురపాలక శ్మశానం రికార్డుల గదిలో
ఒకటే కంప్యూటరు, మీటల మీద మాతే ఒలికిన మరక.
తెరకి కుడి పక్కన, అందరికీ కనబడేట్టు
నీలం రంగులో ఒక మాట: నిర్వహణ.
పెట్టింది నేనే.
నొక్కితే ఒఫేలియా బ్రూమ్‌కి మాత్రం తెరుచుకుంటుంది.
మిగతా పదకొండు మందికీ
ఎర్ర గీతల మధ్య: మీకు అనుమతి లేదు.

పైనుంచి చీటీ వచ్చింది:
అనుమతి లేనివాళ్లకి ఆ లింకు కనిపించకూడదు.
పది నిమిషాల పని.
ఒక షరతు, దాని చుట్టూ రెండు బ్రాకెట్లు.
చేసేముందు చిట్టా తిరగేశాను, పాత అలవాటు.

అంతటా ఒకటే పేరు.
విల్మార్ ఎచెగోయెన్, గుంతలు తవ్వే మనిషి.
రోజూ పొద్దున ఆరూ పదికి
హాజరు వేసి, ఆనాటి గుంతల జాబితా తీసుకుని,
వెళ్లేముందు ఒక్కసారి నొక్కుతాడు.
నలభై ఒక్క రోజులు.
నలభై ఒక్క 'లేదు'లు.
దొంగైతే చిరునామా మారుస్తాడు, మారుపేరుతో వస్తాడు.
ఈయన ఒక్క తలుపునే ఒక్కసారి తట్టి
పార భుజానేసుకుని వెళ్లిపోతాడు.

నది మీద మంచు లేవకముందే వెళ్లి కూర్చున్నాను.
"ఎందుకు నొక్కుతారు?"
చూపుడువేలి మట్టి ప్యాంటుకి తుడుచుకుని
జాబితాలో ఒక వరుస మీద పెట్టాడు.
నెరిదా ఎచెగోయెన్. పదిహేడో వరస, గూడు ఆరు.
"నెలిదా," అన్నాడు. "ల."
కాసేపాగి, "పలక మీద సరిగ్గానే ఉంది.
దగ్గరుండి చెక్కించాను. ఇక్కడే తప్పు."
"కానీ అది మీకు తెరుచుకోదు కదా..."
"నాకు చూపించారు. చూపించారంటే
ఏదో ఒక రోజుకి తెరుచుకుంటుందనుకున్నా."

ఊరించి ఉసూరుమనిపించడం అంటే ఏమిటో
ఎవరైనా అడిగితే
నేను రాసిన ఆ ఒక్క వరుస చూపిస్తే చాలు.

లింకు తీసేశాను.
తీసేసినంత మాత్రాన తాళం పడ్డట్టు కాదు,
చిరునామా చేత్తో కొట్టి లోపలి గొళ్లెం లాగి చూశాను, రెండుసార్లు.
కదల్లేదు. అది సరే.
ఖాళీ పడ్డ చోటు చూస్తే మాత్రం
తలుపుతో పాటు తప్పునీ దాచేసినట్టుంది.

ప్రతి పేరు పక్కనా చిన్న అక్షరాల్లో రాశాను:
తప్పుందా? ఇక్కడ చెప్పండి. ఒఫేలియా చూస్తారు.
చీటీలో లేని పని.
"ఇది ఎవరడిగారు?" అన్నాడు మా పైవాడు.
చిట్టా ముందుకి జరిపాను. చదవలేదు.

గురువారానికి 'ర' పోయి 'ల' వచ్చింది.
శుక్రవారం ఆరూ పదికి చిట్టా తెరుచుకుని కూర్చున్నాను,
ఇక ఎవరూ తట్టరని తెలిసి కూడా.

ఆరూ పదకొండుకి ఒక గీత పడింది:
విల్మార్ ఎచెగోయెన్.
పదిహేడో వరస, గూడు ఆరు.
చూశారు.

చూడ్డానికి ఆయనకి ఎప్పుడూ అనుమతి ఉంది.