గడప: మొదటి రెండు నిమిషాలు

వేలి ఎముక విరగాలంటే ములక్కాడ చాలు.
కనుగుడ్డుకి తాటిముంజ.
గాజుపెంకుల మీద నడకకి
బీచ్‌రోడ్డులో ఏరుకొచ్చిన పల్లీ తొక్కలు,
ఎండబెట్టి, నూకరాజు చెప్పుల కింద.
గాలికి ఖాళీ గోలీసోడా సీసా.
హేమసుందర్ ఊది ఊది తల తిరిగి కూర్చుండిపోయాడు.
మొత్తం ఖర్చు పదకొండు వందల నలభై,
అందులో మూడొందలు ముంజలకే.
సగం మేమే తినేశాం.

చేపలరేవు వెనక మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ.
తలుపుని ఉప్పుగాలి లోపల్నించి కొరికేసింది,
తోస్తే మూలుగుతుంది, తోయకపోయినా మూలుగుతుంది.
వాచ్‌మన్ సింహాచలం లుంగీ ఎగ్గట్టి అడిగాడు:
"దెయ్యాల సినిమానా బాబూ?
ఇక్కడ దెయ్యాలేటున్నాయి, ఎలకలున్నాయి గాని.
పదమూడు నెల్లయింది జీతం రాక.
అది తియ్యండి సినిమా."

ధరణి చేతిలో చీపురుకర్ర,
కొసన మైకు, మైకుకి పాత తువ్వాలు.
"ఎవరూ కదలకండి, గది మౌనం కావాలి" అంటుంది.
ఊపిరి బిగబట్టి ముప్పై సెకన్లు నిలబడతాం.
మౌనం ఎక్కడిది ఈ ఊళ్లో?
గోడకవతల సముద్రం
పెళ్లిలో మర్యాద తక్కువైన పెద్దాయనలా
సణుగుతూనే ఉంటుంది.
పోర్టులో ఓడ కూత. మరపడవ డుబడుబడుబ.
"ఇదంతా ఎలా తీసేస్తావే?" అన్నాను.
"తీయను. సముద్రం కూడా నటిస్తుంది" అంది.

టైటిల్స్ నా పని.
మూడే అక్షరాలు. గ, డ, ప.
ఇనపతలుపు మీద సున్నంలో వేలు ముంచి రాశాను.
ఒకటో తరగతి మాస్టారు చెవి మెలేసి అనేవాడు:
"తలకట్టు మరిచిపోతే తల లేనట్టేరా."
ఇన్నేళ్లకి పనికొచ్చింది ఆ మాట.
తెర చీకటి కాగానే
ముందు ప తలకట్టు ఊడి పడుతుంది.
తర్వాత డది.
గది మాత్రం వేలాడుతూ ఉంటుంది,
పడుతుందా, పడదా, అని మీరు ముందుకి వంగాలి
అప్పుడు సైరన్.

సైరన్ పెడదామన్నది నేనే.
ఎక్కడో, ఏదో ఫ్యాక్టరీది, పొడవాటి కేక.
హాస్టల్ గదిలో లైటార్పి, ఫ్యానాపి, వేసి చూశాం.
నూకరాజు "అబ్బ!" అని చేతి మీద రోమాలు చూపించాడు.
ధరణి హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టింది
నెమ్మదిగా, పగిలే వస్తువేదో పెట్టినట్టు.

వాళ్లది గోపాలపట్నం అవతల,
ఫ్యాక్టరీ గోడ పక్క వీధి.
మాకు తెలుసు.
తెలిసీ మరిచిపోయాం.

"ఆ తెల్లారుజామున సైరన్ మోగలేదు" అంది.
"ఏ చప్పుడూ లేదు.
ముందు కుక్కలు మొరగడం మానేశాయి.
తర్వాత మా దూడ కూలబడింది,
దండెం మీంచి తడిబట్ట జారినట్టు, అంతే.
నాన్న నన్ను ఈడ్చుకుంటూ గడప దాటాడు.
తలుపు వెయ్యలేదు మేము.
అదొకటే బాగా గుర్తు."

హేమసుందర్ ఫ్యాన్ స్విచ్ మీద చెయ్యి వేసి
వెయ్యకుండా ఆగిపోయాడు.

ఇప్పుడు ఆ రెండు నిమిషాల్లో
నలభై సెకన్లు ఏమీ ఉండదు.
ములక్కాడ లేదు, సోడాసీసా లేదు.
సముద్రాన్ని కూడా తనే తుడిచేసింది,
అలల్ని ఒక్కొక్కటే పట్టుకుని, రెండు రాత్రులు.
గుమ్మంలో సింహాచలం కుక్క నోరు తెరుస్తుంది.
వినపడదు.

డిపార్ట్‌మెంటులో వేసిన రోజు
వెనక బెంచీలోంచి ఎవడో అరిచాడు,
"సౌండ్ పోయిందిరోయ్!"
ప్రొజెక్టర్ ఆయన లేచి వైరు కదిపాడు.
నవ్వులు. ఈలలు.
తర్వాత ఈలలు ఒక్కొక్కటే తగ్గి
ఎవరి గుటక వాళ్లకే వినపడుతున్నప్పుడు
తడిబట్ట పడింది.

చివర్న పేర్లు.
శబ్దం: నూకరాజు, హేమసుందర్.
నిశ్శబ్దం: గంట్ల దరణి.
వత్తు మరిచిపోయాను, పెద్ద తెర మీద గాని కనపడలేదు.
చీకట్లో తన వైపు తిరిగి నాలిక్కరుచుకున్నాను.
"తలకట్టుందిగా" అంది,
"చాల్లే."