గురువారం, అర అంగుళం ఎడమకి

స్కూలు బస్సు షెడ్డులో పెట్టి
తాళాలు మేకుకి తగిలించి
గురువారం సాయంత్రం నేను కంకర గుంటకి వెళతాను.
ఊళ్ళో అందరికీ తెలుసు,
వెర్నా కంకర గుంటలో ఉందంటే
వంట ఆలస్యం, ఫోను ఎత్తదు.

ప్లైవుడ్ చెక్క మీద కాగితం. కాగితం నడుమ నలుపు.
వంద గజాలు.
చెవులకి మూతలు పెట్టుకోగానే
పొద్దుట్నించీ తలలో మోగుతున్న నలభైమంది పిల్లలు
ఒక్కసారిగా దిగిపోతారు.

సగం ఊపిరి వదిలి, మిగతా సగం ఆపి,
చూపుడువేలి మొదటి గీత దగ్గర ఇనుము చల్లగా.
నొక్కుతున్నానని నాకే తెలీకుండా నొక్కాలి.
మా మేనత్త ఐలీ చెప్పింది, నాకు పదకొండేళ్ళప్పుడు:
"పేలుడుకి నువ్వు కూడా ఉలిక్కిపడాలి,
లేకపోతే అబద్ధం ఆడినట్టే."
రైఫిలు ఆవిడదే. కర్ర మీద ఆవిడ బుగ్గ ఆనిన చోట
రంగు పోయింది.
నా బుగ్గ సరిగ్గా అక్కడే ఆనుతుంది.

ఐదు గుళ్ళు. ఆపైన నడిచివెళ్ళి చూసుకోవడం.
ఆ వంద గజాల నడక నాకెంత ఇష్టమో ఎవరికీ చెప్పలేదు.
ఉత్తరం వచ్చిందని తెలిసి
గేటు దాకా వెళ్ళేటప్పటి నడక అది.
ఐదు చిల్లులూ సీసామూత కింద దాగేంత దగ్గరగా,
కానీ అర అంగుళం ఎడమకి.
ఆర్వో ముసలాయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి
"ఎవరి మీద కోపం, వెర్నా?"
ఎవరి మీదా లేదు.
కొంచెం ఉంది.
పిడికిలి బిగిసింది. కాగితం దగ్గర దాపరికం కుదరదు.

*

నవంబరు పదిహేను. బడికి సెలవు.
క్యాలెండర్లో ఎర్ర అంకె కాకపోయినా మా వైపు అది పండగ.
చీకట్లో కాఫీ, నారింజరంగు కోటు,
సుపీరియర్ సరస్సు మీంచి గాలి,
మంచులో నా అడుగుల చప్పుడు నాకే రచ్చగా.
సెడార్ల చిత్తడి అంచున, చెట్టుకి కట్టిన మంచె మీద
మూడు గంటలు.
వేళ్ళు లేవు, ముక్కు లేదు,
చెవులు మాత్రం ఉన్నాయి.

ఒక చిన్నపిట్ట వచ్చి గొట్టం కొసన వాలింది.
ఎగిరిపోతుందని నేను ఊపిరి తియ్యలేదు.
తల్లి లేడీ, రెండు పిల్లలూ నా కిందినుంచే నడిచిపోయాయి.
వదిలేశానని ఎవరూ మెచ్చుకోనక్కర్లేదు,
నా దగ్గరున్న చీటీ కొమ్ములున్నదానికి.

తొమ్మిదింటికి,
కొమ్మ అనుకున్నది కొమ్ము అయింది.
కొమ్ము కింద కన్ను మొలిచింది.
గుండె చెవుల్లోకి ఎక్కింది. యాభై ఎనిమిదేళ్ళు,
ఇన్ని నవంబర్లు, ఇంకా ఇలాగే.
ఇదే కావాలి నాకు. దాచను.
సగం ఊపిరి.
ఉలిక్కిపడ్డాను.

అరవై అడుగులు పరిగెత్తి పడిపోయింది.
పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చేతితొడుగు తీసి
చెవి వెనక వేలు పెట్టాను.
అక్కడ బొచ్చు ఎంత మెత్తగా ఉంటుందో
దూరం నుంచి ప్రేమించేవాళ్ళకి తెలీదు.
సంతోషం. దాంతోపాటు మరేదో.
ఆ మరేదోకి మా ఇంట్లో పేరు లేదు;
మేనత్త టోపీ తీసి కాసేపు నిలబడేది, అంతే.
నేనూ తీశాను. చెవులు జివ్వుమన్నాయి.
తర్వాత కత్తి. ఆవిరి.
మోచేతుల దాకా వెచ్చదనం పాకి
పొద్దుట్నించీ లేని వేళ్ళు తిరిగొచ్చాయి.

*

సోమవారం, బస్సులో ముందుసీటు పిల్ల టిల్డా:
"దాన్ని చంపినప్పుడు ఏడ్చావా?"
"లేదు."
"నవ్వావా?"
వంతెన దాటేదాకా ఆలోచించాను.
"ఆకలేసింది."
దానికి సరిపోయింది.
"మా అమ్మకి సాసేజ్ ఇస్తావా మరి?"

గురువారం మళ్ళీ కంకర గుంట.
ఐదు చిల్లులు. ఎడమకి లేవు, కుడికి లేవు.
ఒక్క వెంట్రుకవాసి పైకి.
ఆర్వో చాలాసేపు చూశాడు.
"చలి," అన్నాను.
"చలే," అన్నాడు,
మేకులు జేబులో వేసుకుంటూ.