పాకం వదిలిన చోటు

అప్పటికింకా సూళ్లూరుపేట నెల్లూరు జిల్లాలోనే ఉంది.
ఆరున్నర బస్సు పులికాట్ మీది రోడ్డెక్కేది.
రెండు పక్కలా నీళ్లు, ఎండాకాలమైతే ఉప్పు పొర.
కిటికీ సీటు చెంగమ్మది. పక్కది నాది.
అగ్గిపెట్టెలు గేటు దగ్గరే వదలాలి,
నైలాను చీరలు ఇంటి దగ్గరే.

నా పని లాగడం.
ఇంధనపు దిమ్మలోంచి కోసిన ముక్క,
చివరలు వెడల్పు, నడుం సన్నం, బూడిద రంగు రబ్బరు.
మిషను దవడల్లో బిగించి
నిమిషానికి యాభై మిల్లీమీటర్లు.
కాగితం మీద గీత నిటారుగా పోయి పోయి
ఒక చోట తల వంచుతుంది.
ముక్క నడుం కొంచెం తెల్లబడుతుంది.

కొత్త ఇంజినీరు దయాకరం అడిగాడు:
"తెగలేదుగా, మరి దెబ్బెక్కడ?"

ఇంగ్లీషు పేరు నోటికి రాలేదు నాకు.
విశాఖ కార్తె ముసురులో
మా అవ్వ డబ్బాలో మరిచిన బొరుగుల ఉండ సంగతి చెప్పాను.
బొరుగు బాగానే ఉంటుంది సార్,
పాకమూ బాగానే ఉంటుంది,
రెంటి నడుమకే తడి దూరేది.
చేతిలో ఉన్నంతసేపూ ఉండే.
కొరికితే ఒళ్లంతా రాలుతుంది.

పర్‌క్లోరేట్ గింజని రబ్బరు అట్లాగే వదిలేస్తుంది.
వదిలిన చోట గాలి కూడా ఉండదు.
సూదిమొన పట్టనంత ఖాళీ,
అట్లాంటివి వేలు.
ఎక్స్‌రేకి కనపడవు.
మంటకి కనపడతాయి.

ఆ నవంబరులో ఒక దిమ్మ ముక్కలు
రావలసిన దానికన్నా ముందే తెల్లబడ్డాయి.
అంకెలన్నీ హద్దులోనే ఉన్నాయి. నేను సంతకం పెట్టొచ్చు.
ఆఖరి గడిలో "తెల్లబడింది" అని ఒక్క మాట రాశాను.

వెతుక్కుంటూ పోతే
పొడి గదిలో నీలం గుళికలు గులాబీ రంగుకి తిరిగున్నాయి.
రాత్రి డ్యూటీ, డ్రమ్ము మూత, ఎవరు, ఎంతసేపు.
రిజిస్టరులో వంకర అక్షరాల సంతకం:
చెంగమ్మ.

దిమ్మని ఇసకలో దూరంగా తగలబెట్టారు.
పొగ తెల్లగా, సముద్రం వైపుకి.
ఆమెకి మూడు నెలల ఇంక్రిమెంటు ఆపారు.

మర్నాడూ అదే బస్సు, అవే సీట్లు.
గుంతల దగ్గర మా భుజాలు తగులుతూనే ఉన్నాయి.
క్యారేజీలో ఏముందని అడిగాను.
చెప్పింది, చేపల పులుసని.
బాగా కుదిరిందా అన్నాను. కుదిరింది అంది.

సాయంత్రం
రైలు గేటు ఇంకా రాకముందే
లేచి నిలబడింది.
ఆమె ఇల్లు గేటు దాటినాక.