ఒకటి అంకె లేని మిషను

కందుకూరు కోర్టు ప్రహరీ పక్కన
ముప్పై మూడేళ్లుగా నా రెమింగ్టను.
ఊరు ప్రకాశంలో ఉన్నప్పుడూ ఇక్కడే,
నెల్లూరులో కలిపినప్పుడూ ఇక్కడే.
జిల్లా పేరు మారిన వారం
అడ్రసు దగ్గర వేళ్లు తడబడ్డాయి, అంతే.

దీనికి ఒకటి అంకె లేదు.
పాత మిషన్లకు ఉండదు.
చిన్న ఎల్లు కొట్టి ఒకటి అనుకోవాలి.
చదివేవాళ్లూ అట్టాగే అనుకుంటారు.

మన్నేటి గట్టు మీద పదిహేడు గుడిసెలు
తెల్లారేసరికి లేవాలని కాగితం అంటించిన రాత్రి
మానికల పోలమ్మ వచ్చింది,
ఒళ్లో గుడ్డ చుట్టిన రేషను కార్డు.
"ఆకుపచ్చ సిరా ముందు మనమెంత సామీ"
అంటూ స్టూలు అంచు మీద కూర్చుంది,
ఎవరో లెమ్మంటారేమోనన్నట్టు.

వకీలు చెబుతుంటే కొట్టాను:
ఆర్టికల్ పద్నాలుగు, ఆర్టికల్ ఇరవై ఒకటి.
ఇంగ్లీషు నాకు మీటలుగానే తెలుసు.
అయినా చెయ్యి ఆపి అడిగా, ఏందిది అని.
"లేపే ముందు ఆమెనొక మాట అడగాలని."
అంతేనా?
"అంతే. దానికే పొక్లెయిను ఆగుద్ది."

ఆగింది.
ఎనిమిది నెలలు గట్టు కింద తుప్పు పట్టింది.
చివరికి పదకొండు గుడిసెలు నిలిచాయి, ఆరు పోయాయి.
గెలిచామా అని పోలమ్మ అడిగితే
రిబ్బను మార్చుకుంటూ కూర్చున్నాను.

నాలుగేళ్లకు, ముసురు పట్టిన మధ్యాహ్నం
ఆ ఎమ్మార్వోనే వచ్చాడు, సీతాపతిరావు.
జీపు లేదు. ఊచ విరిగిన గొడుగు.
జేబులో నల్ల పెన్ను.
మన్నేటి ఇసుక కాగితం మీద
సంతకం పెట్టనన్నాడంట.
రాత్రికి రాత్రి ఉద్యోగం ఊడింది.
"ఇరవై ఆరేళ్ల సర్వీసు మస్తానూ,
నన్నొక్క మాట అడగలేదయ్యా."

అదే స్టూలు.
అంచు మీదే కూర్చున్నాడు.

ఆర్టికల్ మూడువందల పదకొండు, చెప్పాడు వకీలు.
రెండు ఎల్లులు కొట్టాను.
పేజీకి అందరికీ ఒకటే రేటు,
ఆయన ఎక్కువివ్వబోతే చిల్లర తిరిగిచ్చాను.

కాగితం వెలుతురుకు పెట్టి చూసి,
కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసి
"ఇది అక్షరమా, ఒకటేనా?" అన్నాడు అనుమానంగా.

"ఒకటే సార్.
పోలమ్మకూ దీన్నే కొట్టా."