పంటి గాటు

ఆ వేళ ఆల్మెరియాలో గాలి
తీరం పొడుగునా ప్లాస్టిక్ కప్పుల్ని పట్టుకుని ఊపేస్తోంది.
మూడు సీజన్లు ఆ కప్పుల కింద
క్యాప్సికం కోసిన డబ్బు
నా చొక్కా లోపలి జేబులో, చెమట వాసనతో.
పక్కన ఎంగ్రాసియా అత్త.
కుడి చెవి ఏనాడో మూతపడింది,
ఎడమది తనకిష్టమైతేనే వింటుంది.
"గిటార్ నీది. పాట నాది.
చెక్క ఏదో నేను చెప్తాను" అంది బస్సులోనే.

ఎలాడియో కొట్టుకి మెట్లు దిగి వెళ్ళాలి.
గోడవారగా పలకలు,
ఒక్కోదాని నుదుట సుద్దముక్కతో
అది కోసిన సంవత్సరం.
కొన్ని నాకంటే పెద్దవి.
సరేసు వాసన, రంపంపొట్టు, ఎక్కడో మాడిన కాఫీ.

ముందు జిట్రేగి తీశాడు.
వాళ్ళ నాన్న రోజుల్లో
మలబారు నుంచి ఓడెక్కి వచ్చిందట.
తడిగుడ్డతో తుడిచాడు.
ఊదా, నలుపు, మధ్యలో ఒక్క తేనెచార
నిద్రలో ఒత్తిగిలినట్టు పైకి తేలింది.
రెండు వేళ్ళతో అంచు పట్టి వేలాడదీసి
కణుపుతో కొట్టాడు.
మోగింది.
మోగి, మెట్లెక్కి, వీధిలోకి పోయి
ఇంకా వెనక్కి రాలేదు.
నా చెయ్యి అప్పటికే జేబులో ఉంది.

"చచ్చిందా?" అంది అత్త.
"ఏది?"
"ఆ మోత. చచ్చిందా, ఇంకా ఉందా?"
"ఉంది సెన్యోరా. అదే దాని గొప్ప."
"అదే పాడుకుంటూ కూచుంటే
నేనేం చెయ్యాలి, తాళం వెయ్యాలా?"

అయిష్టంగా సైప్రస్ దించాడు.
ఈ ప్రాంతంలో శ్మశానం గోడ వెంబడి
బారులు తీరి నిలబడే చెట్టు.
లేత పసుపు, ఎండుచేపంత తేలిక,
ఓ మూల అగ్గిపుల్ల తలంత ముడి.
కొట్టాడు. టక్.
తలుపు తట్టి పారిపోయే పిల్లాడు.
ఉంది, లేదు.

అత్త చేతిలోంచి లాక్కుంది.
చెవికి ఆనించుకుంటుందనుకున్నా.
నోరు తెరిచి, మిగిలిన ఆరు పళ్ళతో
పలక అంచు కరిచి పట్టి
కళ్ళు మూసుకుని తనే కొట్టుకుంది.
మూడు మీద ఒకటి, ఆరు మీద ఒకటి,
ఎనిమిది, పది, పన్నెండు.
సోలెయా నడక.
దవడ ఎముకతో వింటోందని
మాకు కాస్త ఆలస్యంగా అర్థమైంది.
ఎలాడియో చేతిలో ఉలి బల్ల మీదికి చేరింది,
చప్పుడు లేకుండా.

"ఇది అడుగుతుంది, తప్పుకుంటుంది"
అంది ఎంగిలి తుడుచుకుంటూ.
"ఆ నల్లది అడిగి, జవాబు కూడా తనే చెప్తుంది."

ముందు పలకకి స్ప్రూస్ మాత్రం
నన్ను ఎంచుకోనిచ్చింది.
దగ్గర దగ్గర గీతలు, చలిదేశపు చెట్టు ఓపిక.
ధర తగ్గించమన్నాం.
"పళ్ళు దిగిన పలక ఇంకెవరికి అమ్మను?
తగ్గదు" అన్నాడు.
నవ్వాడో లేదో, గడ్డం చాటున తెలియలేదు.

పద్నాలుగు నెలలకి గిటార్ వచ్చింది.
ఇప్పుడు శనివారాలు నేను అడుగుతాను, తప్పుకుంటాను.
ఆ ఖాళీలోకి అత్త గొంతు
చెప్పులు విడిచి వస్తుంది.

ఒక్కోరాత్రి అందరూ పడుకున్నాక
తీగలు సడలించి
గుండ్రటి నోట్లో ఫోన్ లైటు దూర్చి
ఆ గాటు కోసం వెతుకుతాను.
అంచుతో పాటు కోసి పారేశాడో,
మడమ దిమ్మ కింద పెట్టి అతికించేశాడో.
అడగలేదు.

అడగనిది ఇంకొకటుంది,
ఆ జిట్రేగి ఎవరి చేతికి పోయిందని.
మోత మెట్లెక్కి వెళ్ళిందన్నాను కదా.
నిజం చెప్పొద్దూ,
క్యాప్సికం కోస్తూ కోస్తూ, కత్తి ఆపి,
అప్పుడప్పుడూ
వింటాను.